కరగడం వేరు, మరగడం వేరు

మా ఇంటికి గాలియం మే నెలలో వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసేసి సెలవులకి మా దగ్గరికి వచ్చిన మేనకోడలు ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. అరచేతిలో పెట్టుకుంటే వెన్నలా కరిగిపోయే లోహం అది. కావాల్సిందే అని పట్టుబడితే ఆన్‌లైన్‌లో ఇరవై గ్రాములు తెప్పించాను. అమ్మేవాళ్ళు పెట్టిన ఫొటోలో నిగనిగలాడే గడ్డ ఉంది. ఎంవీపీ కాలనీలో మా గుమ్మం దగ్గర కొరియర్ కుర్రాడు ఇచ్చిన డబ్బా విప్పి చూస్తే, చిన్న ప్లాస్టిక్ సీసాలో కరిగిన వెండిలాంటిది అటూ ఇటూ ఊగుతోంది.

"మోసం మావయ్యా! పాదరసం పంపించేశారు" అంది పిల్ల. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది.

తప్పు అమ్మినవాళ్ళది కాదు, మన ఊరి ఎండది. గాలియం 29.76 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మే నెలలో విశాఖపట్నంలో తెల్లవారుజామున కూడా ఫ్యాన్ కింద చెమట పడుతుంది. పార్సిల్ గోడౌన్‌లో ఒక మధ్యాహ్నం, డెలివరీ వ్యానులో ఇంకో మధ్యాహ్నం గడిపాక అది గడ్డగా మిగిలే అవకాశమే లేదు. చలిదేశాల్లో తీసిన వీడియోల్లో చేతి వేడికి లోహం కరగడం ఇంద్రజాలంలా కనిపిస్తుంది. ఇక్కడ ఎండాకాలంలో చెయ్యి కూడా అక్కర్లేదు.

సరే, ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపరిచి, ఒక ముక్క పిల్ల చేతిలో పెట్టాను. నీలం జీర ఉన్న బూడిద రంగు గడ్డ. ముందు అంచులు మెత్తబడ్డాయి, తర్వాత అడుగున ఒక మెరుపు చెమ్మ, నాలుగైదు నిమిషాల్లో అరచేతి గుంటలో అద్దం లాంటి మడుగు. వేళ్ళకి బూడిద రంగు అంటుకుంది, సబ్బుతో పోయింది.

"ఎందుకు ఇంత తొందరగా కరుగుతుంది?" అని అడిగింది. అందరూ చెప్పే జవాబే నేనూ చెప్పాను: పరమాణువుల మధ్య బంధాలు బలహీనంగా ఉంటే తక్కువ ఉష్ణోగ్రతకే కరుగుతుంది. పరీక్షలో రెండు మార్కులు వచ్చే జవాబు. పిల్ల ఊరుకోకుండా ఫోన్‌లో వెతికి, "మరి ఇది మరగాలంటే 2,200 డిగ్రీలు దాటాలట. బంధాలు అంత బలహీనమైతే అప్పటిదాకా ఎందుకు ఆగుతుంది?" అంది.

నా దగ్గర వెంటనే జవాబు లేదు. పాదరసం 357 డిగ్రీలకే మరిగిపోతుంది. సీసం 1,749 దగ్గర మరుగుతుంది. చేతిలో కరిగే ఈ గాలియం సీసం కంటే మొండిగా ద్రవంగానే ఉండిపోతుంది. అంటే దాని పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగానే పట్టుకున్నాయి. బంధాల బలం ఒక్కదానితో ఈ లెక్క తేలదని తేలిపోయింది.

ఇక్కడ మనం మామూలుగా చేసే పొరపాటు ఒకటుంది. కరగడం అంటే బంధాలు తెగిపోవడం అనుకుంటాం. తెగవు. పెళ్ళి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. పాతకాలం బంతి భోజనంలో ఎవరి విస్తరి ముందు వాళ్ళు కూర్చుంటారు. పక్కన ఎవరో, ఎదురుగా ఎవరో బంతి లేచేదాకా మారదు. కాళ్ళు సర్దుకుంటారు, అటూ ఇటూ ఒరుగుతారు, కానీ చోటు మారరు. ఘనపదార్థం అలాంటిది. బఫే పెట్టిన హాల్లో కూడా జనం అంతే కిక్కిరిసి ఉంటారు. ఎవరి చుట్టూ చూసినా మనుషులే. కానీ పక్కవాడు మారుతూ ఉంటాడు, మనమూ జరుగుతూ ఉంటాం. ద్రవం అది. ఇక హాలు ఖాళీ అయ్యి ఎవరి దారిన వాళ్ళు ఇళ్ళకి పోవడం ఆవిరి అవడం. బంతి లేచి బఫేలో కలవడానికి పెద్ద ఖర్చు లేదు, ఎందుకంటే మనుషుల్ని వదిలి వెళ్ళడం లేదు. హాలు వదిలి వెళ్ళడానికే అసలు ఖర్చు.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. ఒక మోల్ (ఏ మూలకంలోనైనా ఒకే సంఖ్యలో పరమాణువులు ఉండే మోతాదు) గాలియం, అంటే సుమారు 70 గ్రాములు, కరగడానికి తీసుకునే వేడి దాదాపు 5.6 కిలోజౌళ్ళు. అదే 70 గ్రాములు ఆవిరవడానికి 250 కిలోజౌళ్ళ పైనే కావాలి. కరగడానికి అయ్యేది ఆ మొత్తంలో యాభయ్యో వంతుకి కాస్త అటూ ఇటూ. కాబట్టి పరమాణువులు ఎంత గట్టిగా పట్టుకుంటాయో తెలియాలంటే మరుగు స్థానం చూడాలి. ద్రవీభవన స్థానం చెప్పేది వేరే సంగతి: ఘనంగా ఉండడానికీ ద్రవంగా ఉండడానికీ మధ్య తేడా ఎంత అన్నది. అది చాలా చిన్న తేడా. చిన్న తేడాలు ఎటైనా మొగ్గుతాయి, అందుకే మూలకాల పట్టికలో ద్రవీభవన స్థానాలు చూస్తే ఎత్తుపల్లాలు అంత అడ్డదిడ్డంగా కనిపిస్తాయి.

ఆ తేడాని కొలిచే తూకానికి రెండు పళ్ళేలు ఉన్నాయి. ఒక పళ్ళెంలో ధర: క్రమంగా పేర్చిన స్ఫటికాన్ని వదులు చెయ్యడానికి పెట్టాల్సిన వేడి. రెండో పళ్ళెంలో లాభం: ద్రవంగా మారాక పరమాణువులకి దొరికే స్వేచ్ఛ. కుదురుగా ఒక్క తీరులో ఉండాల్సినవి లెక్కలేనన్ని తీరుల్లో ఉండగలిగే వీలు. దీన్నే ఎంట్రోపీ పెరగడం అంటారు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఈ స్వేచ్ఛకి విలువ పెరుగుతూ పోతుంది. చల్లగా ఉన్నప్పుడు ధరదే పైచేయి, స్ఫటికం కదలదు. ఏ ఉష్ణోగ్రత దగ్గర రెండు పళ్ళేలూ సరితూగుతాయో అదే కరిగే ఉష్ణోగ్రత. లెక్క చాలా సులువు. ధరని లాభంతో భాగిస్తే వచ్చేది ద్రవీభవన స్థానం. కాకపోతే సెల్సియస్‌లో కాదు, పరమశూన్యం నుంచి కొలిచే కెల్విన్‌లో.

ఇప్పుడు సీసం సంగతి చూద్దాం. చిన్నప్పుడు ఫిషింగ్ హార్బర్ వైపు వెళితే, వలలు బాగుచేసే చోట ఒక తాత సీసం కరిగిస్తుండేవాడు. మూడు రాళ్ళు, కట్టెల మంట, పైన మందపాటి ఇనప మూకుడు. వల అడుగు తాడుకి కట్టే గుళ్ళ కోసం పాత సీసం ముక్కలు అందులో వేసేవాడు. కాసేపు ఏమీ జరగదు. తర్వాత ముక్కలు ఉన్నట్టుండి కూలబడి మూకుడులో పరుచుకునేవి. పైన మసక తెట్టు కట్టేది. పుల్లతో దాన్ని పక్కకి నెడితే కింద తళుక్కున మెరిసేది, మళ్ళీ క్షణంలో మసకేసేది. అచ్చు తడిగా ఉంటే పేలుతుందని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. (ఆ పొగ పీల్చడం ఎంత ప్రమాదమో ఆయనకీ తెలీదు, మాకూ తెలీదు. ఇళ్ళ దగ్గర ఎవరూ చెయ్యకూడని పని అది.) సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, కట్టెల మంట దాన్ని సునాయాసంగా దాటుతుంది.

ఒక మోల్ సీసం కరగడానికి కావలసిన వేడి దాదాపు 4.8 కిలోజౌళ్ళు. మళ్ళీ చదవండి: గాలియానికి 5.6, సీసానికి 4.8. ధర చూస్తే సీసానిదే తక్కువ. అయినా సీసం కరగడానికి కట్టెల మంట కావాలి, గాలియానికి మే నెల చాలు. కిటుకు రెండో పళ్ళెంలో ఉంది. సీసం ధర 4,770 జౌళ్ళని అది కరిగే 601 కెల్విన్‌తో భాగిస్తే లాభం సుమారు 8 అని వస్తుంది. గాలియం 5,590 జౌళ్ళని 303తో భాగిస్తే 18 దాటుతుంది. ఇనుము, రాగి, బంగారం అన్నిటికీ ఈ లెక్క కట్టి చూశాను. అన్నీ 7కీ 10కీ మధ్యే ఉన్నాయి. గాలియం ఒక్కటే వాటికి రెట్టింపు స్వేచ్ఛ సంపాదిస్తోంది. బంధాలు బలహీనమై కాదు, కరగడం దానికి అంత లాభసాటి బేరం కాబట్టి కరుగుతోంది.

ఎందుకంత లాభం? గాలియం గడ్డలో పరమాణువులు కూర్చున్న తీరు విచిత్రంగా ఉంటుంది. మామూలు లోహంలో, రాగి గానీ అల్యూమినియం గానీ, ఒక్కో పరమాణువు చుట్టూ పన్నెండు పరమాణువులు సమాన దూరంలో ఉంటాయి, సంతలో పేర్చిన బత్తాయిల్లాగా. గాలియంలో అలా కాదు. ఒక్కో పరమాణువుకి ఒకే ఒక్క దగ్గరి జత, మిగతా ఆరు కాస్త ఎడంగా. కొత్తగా పెళ్ళైన జంటలన్నీ బంతిలో ఒకరినొకరు అతుక్కుని కూర్చుని, మిగతా చుట్టాలని పట్టించుకోనట్టు. లోహమే అయినా సగం అణువులా ప్రవర్తిస్తుంది. జంటలు ఒక ఖచ్చితమైన దిక్కుకి తిరిగి ఉండాలి కాబట్టి ఆ అమరికకి కట్టుబాట్లు ఎక్కువ, మధ్యలో ఖాళీ కూడా ఎక్కువ. కరగగానే ఈ కట్టుబాట్లన్నీ ఒక్కసారి పోతాయి. పరమాణువులు మామూలు లోహంలాగా అందరితో కలుస్తాయి, చుట్టూ పొరుగువాళ్ళు పెరుగుతారు. బిగుసుకుపోయిన ఘనం నుంచి హాయిగా ఉన్న ద్రవంలోకి మారడం కాబట్టి లాభం అంత పెద్దది. ద్రవంలోకి వచ్చాక కూడా బంధాలు గట్టిగానే ఉంటాయి కాబట్టి 2,200 దాటేదాకా అక్కణ్ణుంచి కదలదు.

దీనికి ఇంట్లోనే సాక్ష్యం ఉంది. గాలియం గడ్డ గాలియం ద్రవంలో తేలుతుంది, నీళ్ళలో ఐసు ముక్క తేలినట్టే. గడ్డకట్టినప్పుడు దాదాపు నూటికి మూడు వంతులు ఉబ్బుతుంది. మేము ఫ్రీజర్‌లో నిండుగా పెట్టిన సీసా అడుగు బుడిపెలా పొడుచుకొచ్చింది. గాజు సీసా అయితే పగిలేది. బిస్మత్ అనే లోహం కూడా ఇదే బాపతు. అదీ గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది, దాని లాభం లెక్కా 20 దాటుతుంది. ఇంకో జాగ్రత్త కూడా: గాలియాన్ని అల్యూమినియం గిన్నెలో పొయ్యొద్దు. లోపలికి పాకి, గిన్నెని అప్పడంలా పెళుసు చేసేస్తుంది. స్టీలు గరిటెతో మాకు ఇబ్బంది రాలేదు.

గాలియం దొరక్కముందే దాని జాతకం రాసి పెట్టిన మనిషి ఉన్నాడు. 1871లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ తన మూలకాల పట్టికలో అల్యూమినియం కింద ఖాళీ వదిలి, అక్కడ సాంద్రత 5.9 ఉండే, తేలిగ్గా కరిగే లోహం ఒకటి ఉండాలన్నాడు. 1875లో ఫ్రాన్సులో లెకాక్ ద బ్వాబోద్రాన్ జింక్ ఖనిజంలో దాన్ని పట్టుకున్నాడు. ఆయన మొదట కొలిచిన సాంద్రత 4.7. మెండలీవ్ తన లెక్కే సరైనదనీ, లోహాన్ని బాగా శుద్ధి చేసి మళ్ళీ కొలవమనీ చెప్పాడట. మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది. లోహాన్ని కళ్ళతో చూడనివాడు, చేతిలో పెట్టుకున్నవాడి కొలత తప్పని చెప్పడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

అలాగని బంధాలు బలహీనం అన్న జవాబు ఎప్పుడూ తప్పని కాదు. సీజియం సరిగ్గా ఆ జవాబుకే పుట్టినట్టుంటుంది. అది కరిగేది 28.5 డిగ్రీలకి, గాలియానికి పక్కింట్లో ఉన్నట్టే. కానీ మరిగేది 671కే. కరగడానికి దాని ధర 2.1 కిలోజౌళ్ళు మాత్రమే, లాభం అందరిలాగే 7 దగ్గర. ఒకే ఉష్ణోగ్రతకి కరిగే ఈ రెండు లోహాల్లో ఒకటి ధర తక్కువై కరుగుతుంది, ఇంకొకటి లాభం ఎక్కువై కరుగుతుంది. థర్మామీటర్ ఒక్కదాన్నే చూస్తే ఆ తేడా ఎప్పటికీ తెలీదు.

సీజియం ధర తగ్గడానికి కారణం కూడా సూటిగానే ఉంటుంది. లోహంలో పరమాణువులు తమ బయటి ఎలక్ట్రాన్లని ఉమ్మడి సొమ్ము చేసి, ఆ ఉమ్మడి సొమ్ముతోనే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సీజియం కుటుంబంలో ప్రతి పరమాణువూ చందా వేసేది ఒక్క ఎలక్ట్రానే. పైగా కిందికి వెళ్ళే కొద్దీ పరమాణువు లావెక్కుతుంది, ఆ ఒక్క ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, పట్టు సడలుతుంది. లిథియం 180 డిగ్రీలు, సోడియం 98, పొటాషియం 63, రుబీడియం 39, సీజియం 28. మెట్లు దిగినట్టు దిగుతుంది. సీజియం మాత్రం కొరియర్‌లో రాదు. గాలి తగిలితే అంటుకుంటుంది, నీళ్ళు తగిలితే పేలుతుంది. గాజు గొట్టంలో సీలు వేసి ఉంచుతారు.

పాదరసం కథ ఇంకా వింత. దానిదీ ధర తక్కువే, 2.3 కిలోజౌళ్ళు. కరిగేది సున్నాకి కింద 39 డిగ్రీల దగ్గర. 1759 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ చలిలో బ్రౌన్, లొమొనోసోవ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని గడ్డకట్టించి సుత్తితో కొట్టి చూసేదాకా, పాదరసం ఎప్పటికీ ద్రవమే అనుకునేవాళ్ళు చాలామంది. దాని పొరుగున పట్టికలో ఉన్నది బంగారం. కేంద్రకంలో బంగారానికి 79 ప్రోటాన్లు, పాదరసానికి 80. ఒక్కటంటే ఒక్కటే తేడా. బంగారం కరగడానికి 1,064 డిగ్రీలు కావాలి. మన కంసాలి కుంపట్లో ఊది ఊది కరిగించేదానికీ, నేల మీద ఒలికితే చేతికి దొరక్కుండా పరిగెత్తేదానికీ మధ్య వెయ్యి డిగ్రీల పైన దూరం, ఒక్క ప్రోటాన్ తేడాతో.

మొదటి కారణం, పాదరసం బయటి ఎలక్ట్రాన్లు రెండూ జత కట్టి ఉంటాయి. జత కుదిరిన ఎలక్ట్రాన్లకి ఉమ్మడి సొమ్ములో చేరాలనే తొందర ఉండదు. జింక్, కాడ్మియం కూడా ఇదే కుటుంబం. జింక్ 419 డిగ్రీలకి, కాడ్మియం 321కి కరుగుతాయి. మన విశాఖలో మింది దగ్గర ఒకప్పుడు ఖనిజం నుంచి జింక్ తీసే స్మెల్టర్ నడిచేది, జింక్ అంత సులువుగా కరుగుతుందని అక్కడ పనిచేసినవాళ్ళకి పుస్తకం చూడకుండానే తెలుసు. ఆ వరసలో పాదరసం కూడా ఏ వంద, నూట ఏభై దగ్గరో కరగాలి. సున్నా కింద 39కి జారిపోవడానికి కారణం మామూలు రసాయన శాస్త్రంలో దొరకదు.

దొరికేది ఐన్‌స్టీన్ దగ్గర. ఎనభై ప్రోటాన్లు లాగుతుంటే అన్నిటికంటే లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా, దాదాపు నూటికి 58 వంతుల వేగంతో తిరుగుతున్నట్టు లెక్క. అంత వేగంలో సాపేక్షత సిద్ధాంతం ప్రకారం ఎలక్ట్రాన్ ఐదో వంతు పైన బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది, దాని చుట్టు కుంచించుకుపోతుంది. ఆ ప్రభావం బయటి జత దాకా పాకుతుంది. ఆ జత కూడా కేంద్రకం వైపు బిగుసుకుని, పక్క పరమాణువుల మొహం చూడడం మానేస్తుంది. బంగారంలో కూడా ఇదే బిగింపు ఉంది, కానీ అక్కడ బయట ఉన్నది ఒంటరి ఎలక్ట్రాన్. దానికి తోడు కావాలి, అందుకని బంధం కడుతుంది. పాదరసంలో ఇద్దరూ ఉన్నారు, ఇంకెవరూ అక్కర్లేదు.

ఇది మాటవరసకి చెప్పేది కాదు. 2013లో జర్మనీ, ఫ్రాన్సు, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు కంప్యూటర్లో పాదరసాన్ని రెండు రకాలుగా కరిగించి చూశారు, ఒకసారి సాపేక్షత కలిపి, ఒకసారి తీసేసి. తీసేసినప్పుడు పాదరసం 105 డిగ్రీలు ఎక్కువ దగ్గర కరిగింది. అంటే ఐన్‌స్టీన్ సమీకరణాలు పనిచెయ్యని లోకంలో పాదరసం ఒక గట్టి లోహపు ముక్క. పాత బీపీ మిషన్లో గాజు గొట్టం వెంబడి పైకి ఎక్కి దిగేది చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. సాపేక్షతని కంటితో చూడాలంటే రాకెట్ ఎక్కక్కర్లేదు.

లోహాలు కానివాటి విషయం తొందరగా చెప్పేయొచ్చు, ఎందుకంటే అక్కడ చిక్కు తక్కువ. ఆక్సిజన్, నైట్రోజన్, క్లోరిన్ చిన్న చిన్న అణువులుగా ఉంటాయి. అణువు లోపల బంధం ఉక్కులా ఉంటుంది, అణువుకీ అణువుకీ మధ్య పట్టు మాత్రం అంతంతమాత్రం. కరిగేటప్పుడు సడలేది రెండోదే. అందుకే ఆక్సిజన్ సున్నాకి కింద 219 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. అణువు పెద్దదయ్యే కొద్దీ పట్టు పెరుగుతుంది. ఎనిమిది పరమాణువుల కిరీటంలా ఉండే గంధకం అణువు 115 దాకా ఆగుతుంది. దీన్ని రుజువు చేసేది భాస్వరం. నాలుగేసి పరమాణువుల గుత్తులుగా ఉండే తెల్ల భాస్వరం 44 డిగ్రీలకే కరుగుతుంది, గాలిలో అంటుకుంటుంది, నీళ్ళలో దాచాలి. అదే భాస్వరం, అదే పరమాణువులు, గొలుసులా అల్లుకుంటే ఎర్ర భాస్వరం. అది మన అగ్గిపెట్టె పక్కన పుల్ల గీసే పట్టీలో ఉంటుంది, జేబులో వేసుకుని తిరుగుతాం. కరిగే గుణం పరమాణువుది కాదు, అమరికది.

హీలియం ఒక్కటీ ఈ లెక్కకి కూడా లొంగదు. మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఎంత చల్లబరిచినా గడ్డకట్టదు. పరమాణువు అంత తేలిక, పట్టు అంత బలహీనం కాబట్టి, పరమశూన్యం దగ్గర కూడా క్వాంటం నియమాల వల్ల మిగిలే చిన్న కదలికే దాన్ని కుదురుగా కూర్చోనివ్వదు. పాతిక రెట్ల వాతావరణ ఒత్తిడితో నొక్కితే తప్ప ఘనం కాదు. 1926లో డచ్ శాస్త్రవేత్త కీసోమ్ అలా నొక్కే గడ్డకట్టించాడు. ఈ హీలియం కథ మొదలైంది మన గుంటూరులోనే, 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కణ్ణుంచి చూసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ పరిశీలనలతో. గుంటూరంటే మిరపకాయలే అనేవాళ్ళకి చెప్పడానికి పనికొస్తుంది.

ఎక్కువకి కరిగేవాటి సంగతి కూడా ఒక మాట అనుకోవాలి, లేకపోతే తక్కువ అంటే దేనికంటే తక్కువో తెలీదు. ఉమ్మడి సొమ్ములో ఎక్కువ ఎలక్ట్రాన్లు వేసే లోహాలు పట్టిక మధ్యలో ఉంటాయి. టంగ్‌స్టన్ ఆరు వేస్తుంది, అందుకే 3,422 డిగ్రీల దాకా కరగదు, పాత బల్బుల్లో తీగ అదే. అక్కణ్ణుంచి కుడికి జరిగే కొద్దీ ఎలక్ట్రాన్లు జతలు కట్టేసుకుంటాయి, చందా తగ్గుతుంది, చివర జింక్, పాదరసం వస్తాయి. ఇనుము మధ్యలో ఉంది, 1,538.

ఈ 1,538 గురించి పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. మా బంధువొకాయన ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఆయన గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు చెబుతుంటే నదుల పేర్లూ దేవత పేరూ పెట్టిన కొలుములు భలే ఉన్నాయని పిల్ల నవ్వింది. ఫర్నేసులోంచి కరిగి వచ్చే హాట్ మెటల్ 1,500కి అటూ ఇటూ ఉంటుందనీ, దారిలో ఇంకా చల్లారినా లేడిల్ అనే పెద్ద బానలోంచి నీళ్ళలా పోస్తామనీ ఆయన అన్నాడు. "ఇనుము 1,538కి కదా కరిగేది, అంతకంటే చల్లగా ఉంటే గడ్డకట్టాలి కదా తాతయ్యా?" అంది.

జవాబు మళ్ళీ రెండో పళ్ళెంలోనే ఉంది. హాట్ మెటల్ ఒట్టి ఇనుము కాదు, కోక్ (ఫర్నేసులో వేసే కాల్చిన బొగ్గు) నుంచి వచ్చిన కార్బన్ నూటికి నాలుగు పాళ్ళకి పైన కలిసి ఉంటుంది. ద్రవంలో ఇనుమూ కార్బనూ ఎలా పడితే అలా కలిసి తిరగొచ్చు. స్ఫటికంలో అంత కార్బన్‌కి చోటు లేదు, విడిపోవాలి. అంటే ద్రవంగా ఉంటే స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. లాభం పెరిగితే కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది. 4.3 పాళ్ళ కార్బన్ ఉన్న ఇనుము 1,150 దగ్గరే కరుగుతుంది. రెండు పెళ్ళివారూ ఒకే బఫేలో కలిస్తే, మళ్ళీ ఎవరి బంతిలో వాళ్ళని కూర్చోబెట్టడం ఎంత కష్టమో అంత కష్టం. సెల్‌ఫోన్ రిపేరు షాపులో సోల్డరింగ్ తీగది కూడా ఇదే సూత్రం. తగరం విడిగా 232కి, సీసం విడిగా 327కి కరుగుతాయి, తగిన పాళ్ళలో కలిపిన పాత రకం తీగ 183కే కరిగిపోయేది.

సెలవులు అయిపోయి పిల్ల వెళ్ళిపోయింది. గాలియం సీసా షెల్ఫ్‌లో ఉండిపోయింది, ఒక చిన్న ముక్క మాత్రం డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. వానలు పోయాయి, కార్తీకం వచ్చింది, రాత్రిళ్ళు దుప్పటి కప్పుకునే చలి మొదలైంది. గదిలో ఇరవై నాలుగు డిగ్రీలు. సీసాలో గాలియం మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది, గడ్డకట్టాల్సిన ఉష్ణోగ్రత దాటి కిందికి వచ్చి రోజులైనా.

ఇది కరగడానికి తిరుగు ప్రయాణం, దీనికో చిక్కుంది. కరగడం ఉపరితలం మీద దానంతటదే మొదలవుతుంది, గడ్డకట్టడానికి మాత్రం ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి. ద్రవంలో కొన్ని పరమాణువులు కలిసి చిన్న స్ఫటికంలా సర్దుకున్నా, అది మరీ చిన్నదైతే దాని ఉపరితలం మీద అయ్యే ఖర్చు లోపలి లాభాన్ని మించిపోతుంది, మళ్ళీ కరిగిపోతుంది. గాలియం స్ఫటికానికి ఆ జంటల అమరిక కుదరాలి కాబట్టి అనుకోకుండా కుదరడం ఇంకా కష్టం. అందుకని తోడు లేకపోతే అలా ద్రవంగానే కాలక్షేపం చేస్తుంది.

డిసెంబరులో పిల్ల మళ్ళీ వచ్చినప్పుడు ఫ్రిజ్‌లోని ముక్కని పట్టకారుతో తీసి సీసాలో వేశాం. తేలింది. దాని అంచు నుంచి బూడిద రంగు పలక ఒకటి ద్రవం మీద నెమ్మదిగా పరుచుకుంటూ, సూటిగా గీసినట్టున్న అంచులతో గోడ దాకా వెళ్ళింది. పావుగంటలో సీసా వంచితే కదలడం మానేసింది. చేత్తో పట్టుకుంటే ముందుకంటే కాస్త వెచ్చగా ఉంది, మే నెలలో అది మింగిన వేడి అంతా ఇప్పుడు బయటికి వస్తోంది.